కింది దారి

గడియారం కదులుతోంది. అంతవరకు తెలుసు. గుండ్రంగా ఉందో పలకలా ఉందో చెప్పమంటే చెప్పలేను గాని, ఎదుటి గోడ మీద సన్నటి గీత ఒకటి ఆగి ఆగి గెంతుతోంది. సెకన్ల ముల్లు తప్ప గోడ మీద అలా గెంతేది ఇంకేముంటుంది, కాబట్టి అది గడియారం, కాబట్టి ఇది బస్టాండే, నేను సరైన చోటే కూర్చున్నాను. మిగతా రెండు ముళ్ళూ కదిలినట్టు తెలియదు, కదలనివి నాకు లేనట్టే. టైమెంతో మైకులో ఆవిడే చెప్పాలి. ఇందాక పది అని చెప్పింది. పదకొండు బస్సుకి ఇంకా గంట ఉంది. ఈ గంటలో నా కూతుర్ని నేను పోల్చుకోవాలి. పోల్చుకుని, నా అంతట నేను లేచి వెళ్ళి, పేరు పెట్టి పిలవాలి. అంతే పని. కన్న తండ్రికి ఇదీ ఒక పనేనా అని ఎవరైనా నవ్వితే నవ్వనీ, వాళ్ళ నవ్వు కూడా నాకు కనపడదు, వినపడుతుందంతే.

తొమ్మిదేళ్ళ తర్వాత దాని గొంతు విన్నాను మొన్న. మా ఆవిడ ఫోను స్పీకర్లో పెట్టి నా పక్కన కూర్చుంది, నేనున్నట్టు దానికి చెప్పకుండా. "మన ఊళ్ళో నేను బస్సు మారాలమ్మా, మధ్యలో గంట ఖాళీ. నాన్నని రమ్మను. నువ్వు రావద్దు, నాన్న ఒక్కడే రావాలి. నేను మాత్రం పలకరించను. ఆ రోజు నేనే పలకరించాగా, చాలు. ఈసారి ఆయనే నన్ను చూసి, లేచొచ్చి పిలవాలి. పిలిస్తే నీతో పాటు ఇంట్లో కూర్చుని అన్నం తింటాను. పిలవకపోతే పదకొండు బస్సెక్కి వెళ్ళిపోతాను. ఇంక ఎప్పుడూ అడగను." అంది. అంటే అంటుంది, అన్నంత పనీ చేస్తుంది, ఎవరి పెంపకం మరి. గొంతు వినగానే ఒళ్ళంతా తెలిసిపోయింది నాకు, గోళీ, నా గోళీ. పుట్టినప్పుడు కళ్ళు గోళీల్లా అటూ ఇటూ తిరుగుతుండేవని నేనే పెట్టిన ముద్దుపేరు అది. గొంతు వెళ్ళే వీధి వేరు, ఆ వీధికి ఏమీ కాలేదు. అది ఒక్క మాట మాట్లాడితే చాలు పట్టేస్తాను. కాని మాట్లాడనంది కదా.

"చెప్పేస్తానండీ దానికి, మీకిలా అయిందని తెలీదు కదా పాపం" అంది మా ఆవిడ. వద్దన్నాను. ఒట్టు పెట్టించుకున్నాను. ఎందుకు వద్దన్నావురా ముసలాడా అని అప్పటి నుంచీ నన్ను నేనే అడుగుతున్నాను. చెబితే ఏమనుకుంటుంది? ఆ రోజు తెలిసి తెలియనట్టు నటించాడు, ఈ రోజు దానికి డాక్టరు చీటీ కూడా సంపాదించాడు అనుకుంటుంది. అనుకోకపోతే జాలిపడుతుంది, జాలిపడి వచ్చి చెయ్యి పట్టుకుంటుంది, అది ఇంకా ఘోరం. ఇవన్నీ పైపై కారణాలు. లోపలి కారణం మా ఆవిడకి కూడా చెప్పలేదు. అందరి మొహాలూ పోతే పోయాయి, నా కూతురి మొహం పోదనుకున్నాను. దాన్ని ఈ చేతుల్తో ఎత్తుకున్నాను, దాని మొహం నాలో ఇంకెక్కడో, ఆ పాడైన చోట కాకుండా, భద్రంగా ఉండి ఉంటుందనుకున్నాను. రోజూ పొద్దున్నే దాని ఫోటో బయటికి తీసి చూస్తున్నాను. కొంత తెలుపు, కొంత నలుపు, మధ్యలో బూడిద. ఫోటో తలకిందులుగా పట్టుకున్నారు అని మా ఆవిడ మెల్లిగా తిప్పి పెడుతుంది. అయినా ఫోటో వేరు మనిషి వేరు అని వచ్చాను.

కిందటేడు ఒక ఉదయం నిద్ర లేచేసరికి ఇలా అయింది. తలనొప్పి ఉంది, గదిలో వెలుతురుంది, వెలుతురులో ఏవేవో ఉన్నాయి, కాని ఏవీ ఏమీ కావు. మా ఆవిడనుకుని, ఏంటి అలా నిలబడ్డావు, మాట్లాడవేం అని కొంచెంసేపు విసుక్కున్నాను, తీరా చూస్తే కొక్కేనికి తగిలించిన వానకోటు అట. వెనక నుంచి మా ఆవిడ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. డాక్టరమ్మ చిన్న పిల్ల, మా గోళీ వయసే ఉంటుందేమో గొంతుని బట్టి. నా ముందు ఒక డబ్బా పెట్టింది, దానికి సన్నటి చీలిక ఉందిట, అది నిలువుగా ఉందా అడ్డంగా ఉందా వంకరగా ఉందా చెప్పమంది. చెప్పలేకపోయాను. సరే ఈ కార్డు అందులో వెయ్యండి మాస్టారూ అంది. చెయ్యి చాపాను, కార్డు చేతిలోనే తిరిగింది, చీలికలోకి సాఫీగా దిగిపోయింది. చీలికని ఎటు తిప్పి పెట్టినా అంతే, చెయ్యికి తెలుసు, నాకు తెలియదు. డాక్టరమ్మ ఎంత సంబరపడిందో. కంటి కబురు తల వెనక్కి వెళ్ళి అక్కణ్ణుంచి రెండు దారులు పడుతుంది మాస్టారూ, పై దారి అది ఎక్కడుంది, ఎటు కదులుతోంది, చెయ్యి ఎలా చాపాలి అని చూసుకుంటుంది, కింది దారి అది ఏమిటి, ఎవరు, ఏ రంగు అని చెబుతుంది, మీకు కింది దారి తెగింది, పై దారి నిక్షేపంగా ఉంది అంది. మరి రోడ్డు వేసేవాళ్ళు ఎప్పుడొస్తారమ్మా అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. రారని అప్పుడే అర్థమైంది.

నలభై ఏళ్ళు కళ్ళజోళ్ళ షాపు నడిపాను నేను. అద్దాలు అరగదీశాను, ఫ్రేముల్లో బిగించాను, వేలమందిని ఆ ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి చూపు చూశాను. చూపంటే కంట్లో ఉంటుందనుకున్నాను. కన్ను గుమ్మమేనట, ఇల్లు ఎక్కడో లోపలుందట, ఇన్నేళ్ళూ గుమ్మానికి రంగులేసుకుంటూ కూర్చున్నాన్నమాట. నా కళ్ళకి ఇప్పటికీ ఈ కళ్ళజోడు తీర్చనంత జబ్బేమీ లేదు. అసలు మనిషిని చూస్తే నాకేదో అయిందని ఎవరూ అనుకోరు, అదే నా ఖర్మ. గుడ్డివాడైతే తడుముకుంటాడు, గుద్దుకుంటాడు, నలుగురూ జరిగి దారిస్తారు. నేను దేన్నీ గుద్దుకోను. ఇందాక ఈ జనంలోంచి, పెట్టెల్లోంచి, కాళ్ళలోంచి తప్పుకుంటూ వచ్చి ఈ బెంచీ మీద మర్యాదగా కూర్చున్నాను. గ్లాసందిస్తే గ్లాసందుకుంటాను, మెట్టుంటే మెట్టెక్కుతాను. ఆ పై దారి నా పరువు కాపాడుతూ నన్ను అబద్ధాలకోరుని చేస్తోంది. చేతికర్ర కూడా ఊరికే, తల తిరిగితే ఆనుకోడానికి.

కాని నా దగ్గరా ఒక ఉపాయముంది. కదిలేవాళ్ళు నాకు తెలుస్తారు. నడక పై దారిలో వస్తుంది కదా, దాన్ని ఎవరూ తెంచలేదు. మా ఆవిడ నిలబడితే తలుపో ఆవిడో తెలియదు, రెండడుగులు వేసిందంటే మా ఆవిడే. గోళీ నడక నాకు తెలుసు. ఏడేళ్ళప్పుడు షాపులో నిచ్చెనెక్కి పై అరలోంచి ఫ్రేముల పెట్టె దించబోయి పడింది, ఎడమ కాలు విరిగింది, అతుక్కుంది గాని ఆ కాలు నేల మీద పడే ముందు దాని కుడి భుజం ఒకసారి కిందికి దిగి లేస్తుంది, తూకంలో సగం గింజ తేడా వచ్చినట్టు. ఎవరికీ కనపడదది, నాకు కనపడేది, నిచ్చెన అక్కడ వదిలేసింది నేను కాబట్టి. అందుకే గేటుకి ఎదురుగా ఉన్న బెంచీ చూసి కూర్చున్నాను, గంట ముందే వచ్చాను. దాని మొదటి బస్సు బయట రోడ్డు మీదే దించేస్తుంది, గేట్లోంచి నడిచే వస్తుంది కదా. ఎగురుకుంటూ రాదు కదా. వస్తున్న అడుగులన్నీ చూస్తున్నాను. ఈ అడుగు లావు మనిషిది, ఇది తొందరలో ఉన్నవాడిది, ఇది కొత్త చెప్పులు కరుస్తున్న ఆడమనిషిది. ఆగినవాళ్ళు ఆగిన చోటే మాయమైపోతున్నారు, గోడలో, బెంచీల్లో, బూడిదలో కలిసిపోతున్నారు.

ఎదురు బెంచీ మీద ఎవరో ఉన్నారు. నేను వచ్చేటప్పటికే ఉన్నారు. ఉన్నారని ఎలా తెలుసంటే రెండు చిన్న వెలుగులు అప్పుడప్పుడు మెరుస్తున్నాయి, పక్కపక్కనే, ఒకే ఎత్తులో. అద్దాలవి. ఆ మెరుపు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, నా అన్నం అదే కదా. కళ్ళజోడు పెట్టుకున్న మనిషి, ఆడో మగో, కదలకుండా కూర్చున్నారు, ఇంత కదలకుండా ఎలా కూర్చుంటారో మరి. మా గోళీకి కళ్ళజోడు లేదు. అంచేత అటు చూడక్కర్లేదు, గేటు వైపే చూడాలి. చీపురొకటి అరుచుకుంటూ వచ్చింది. "కాళ్ళెత్తండి పెద్దాయనా" అన్నాడు ఊడ్చేవాడు. ఎత్తాను. వాడు వెళుతూ వెళుతూ నా కర్రకి తగిలించాడు, అది జారి, దొర్లి, ఎదురు బెంచీ దగ్గర ఆగింది. ఆ బూడిదలోంచి ఒక చెయ్యి వంగి దాన్ని తీసి, కూర్చున్న చోటు నుంచే నాకేసి చాపింది. నేను కొంచెం ముందుకి వంగి అందుకున్నాను, నా చెయ్యి సూటిగా వెళ్ళి కర్ర మధ్యలో సరిగ్గా పట్టుకుంది. ఆ చెయ్యి వెంటనే వదల్లేదు. నేను తలెత్తి ఆ మనిషి మొహంలోకి చూసి, అదే, మొహం ఉండాల్సిన చోటుకి చూసి, "థాంక్సండీ" అన్నాను, మర్యాదగా, షాపులో అలవాటైన నవ్వుతో. చెయ్యి వదిలింది.  కొత్తవాళ్ళతో మాట్లాడని రకం కాబోలు అనుకున్నాను.

ఆ నవ్వు, ఆ అండీ, ఎక్కడికి తీసుకుపోతున్నాయో చూడు నన్ను. తొమ్మిదేళ్ళ కిందట, బడి పంతులమ్మ ఒకావిడ కళ్ళజోడు విషయం. కుడి కంటి అద్దం ఎడమకీ ఎడమది కుడికీ బిగించాను, పని ఒత్తిడిలో. మెట్లు తేడాగా కనిపిస్తున్నాయి మాస్టారూ అని ఆవిడ రెండుసార్లు వచ్చింది. వారం రోజులు పెట్టుకోండి, అలవాటవుతుంది అన్నాను, చూడకుండానే అన్నాను, మేం అందరికీ చెప్పే మాటే అది. మూడోసారి చేతికి కట్టుతో వచ్చింది, మెట్ల మీద పడిందట. అప్పట్లో షాపులో నాతో పాటు పనిచేసే గోళీ ఆ కళ్ళజోడు తీసుకుని మిషను కింద పెట్టి చూసి, షాపు నిండా జనం ఉండగా, తప్పు మాదేనండీ, అద్దాలు తారుమారయ్యాయి, క్షమించండి అని చెప్పేసింది. నిజమే చెప్పింది. నలుగురిలో నా నెత్తి మీద కుండ పగలగొట్టినట్టయింది నాకు. ఆ రాత్రి నానా మాటలూ అన్నాను, నిన్ను ఈ పనిలో పెట్టడమే నా బుద్ధితక్కువ, పో అన్నాను. పోయింది. నెల తిరగ్గానే తనే వచ్చింది. షాపు గుమ్మంలో నిలబడి, నాన్నా అంది. నేను బిల్లుబుక్కు తీసి పెన్ను మూత తీసి, మొహంలోకి చూసి, ఎవరండీ మీరు, పేరు చెప్పండి రాసుకుంటాను అన్నాను.

అది పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది, నా ఇంటిపేరు. రాసుకున్నాను. కుర్చీలో కూర్చోండి అన్నాను, కూర్చుంది. దీపం ఆర్పి, ఆ బరువు ఫ్రేము దాని ముక్కు మీద పెట్టి, ఒక్కో అద్దం వేసి తీసి, ఇది బాగా కనిపిస్తోందా అది బాగా కనిపిస్తోందా అని అడిగాను. ఇదే అంది, అదే అంది, రెండూ ఒకటే అంది, ప్రతి జవాబుకీ గొంతు తడిసిపోతోంది. అద్దం మీద నీళ్ళు పడితే గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాను. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు నాన్నా అని చెయ్యి పట్టుకుంటుంది, అప్పుడు సరే పోనీలే అందామని చూశాను. అది నేను అంటానేమోనని చూసింది. ఇద్దరం ఆ చీకట్లో చివరి అద్దం దాకా వెళ్ళాం. దీపం వేసి, మీ చూపుకేం ఢోకా లేదండీ, అద్దాలు అక్కర్లేదు, వెళ్ళిరండి అన్నాను. వెళ్ళిపోయింది. తెలిసిన మొహం తెలియనట్టు చూడటం ఎంత సులువో ఆ రోజు నాకు. ఆ తెలియనితనం అడిగీ అడగ్గానే దొరికింది. ఇప్పుడా మొహం కావాలని ఎంత వెతుక్కున్నా లోపల దొరకడం లేదు, నేనే పారేసుకున్నాను, ఎవరో తీసుకుపోలేదు.

మైకులో ఆవిడ మాట్లాడుతోంది. పదకొండు బస్సు రెండో నంబరులో సిద్ధంగా ఉందట. అప్పుడే. గేట్లోంచి ఆ నడక రాలేదు, ఒక్కటీ తప్పిపోలేదు, కళ్ళు ఆర్పకుండా చూశాను. రాలేదంటే మనసు మార్చుకుందా. అది చెప్పిన టైముకి రాకపోవడమా, షాపుకి అరగంట ముందుండాలని చిన్నప్పటి నుంచీ వాయించి పెంచాను, రోజూ నాకంటే ముందొచ్చి ఫ్రేముల మీద దుమ్ము తుడిచి పెట్టేది. నాకంటే ముందొచ్చి. నేను వచ్చేటప్పటికే. లేదు లేదు, దానికి కళ్ళజోడు లేదు, నేనే చూశాను కదా, నా చేత్తో నేనే పరీక్ష చేశాను, అద్దాలు అక్కర్లేదు అని నేనే కదా చెప్పాను. చెప్పాను. అక్షరాల పటంలో ఐదో వరుసలో రెండక్షరాలు తప్పు చదివింది అది. కుడి కంటికి సిలిండర్ పవరు, గీతలు ఒక పక్కకి చెదిరినట్టు కనపడే లోపం, కొంచెమే, కాని ఉంది. చూశాను. అద్దాలు కావాలి అంటే ఫ్రేము ఎంచుకోవాలి, కొలతలు తీసుకోవాలి, వారం తర్వాత మళ్ళీ రావాలి, మళ్ళీ ఆ గుమ్మంలో నిలబడుతుంది. అక్కర్లేదు అన్నాను. నలభై ఏళ్ళలో తెలిసి తెలిసి తప్పుడు చూపు రాసింది ఆ ఒక్కసారే, అదీ నా కూతురికి, అది కూడా మరిచిపోయి ఈ గంటంతా నా అబద్ధాన్ని నేనే నమ్ముకుని కూర్చున్నాను.

ఎదురు బెంచీ మీద ఆ రెండు మెరుపులూ పైకి లేచాయి. లేచి పక్కకి తిరిగి ఆరిపోయాయి. బూడిదలోంచి ఒక మనిషి విడివడింది. మొదటి అడుగు. రెండో అడుగు, ఎడమది, అది నేలకి తగిలే ముందు కుడి భుజం ఒకసారి కిందికి దిగి లేచింది.

ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు నాకు. నా కూతురు నడుస్తోంది. గంటసేపు రెండడుగుల దూరంలో నా ఎదురుగా కూర్చుంది. కర్ర తీసి ఇచ్చింది, పట్టుకుని వదలకుండా ఆగింది, నేను దాని కళ్ళలోకి చూసి నవ్వి థాంక్సండీ అన్నాను. లేచాను. కాళ్ళు వాటంతటవే పెట్టెలు తప్పించుకుంటూ పరిగెత్తాయి. భుజం దిగుతోంది, లేస్తోంది, రెండో నంబరు వైపు, బస్సు తలుపు ముందు నిలబడ్డ జనం దాకా వెళ్ళింది. "గోళీ" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆగింది. నా పిలుపు విని ఆగింది, ఆగగానే పోయింది. భుజం లేదు, అడుగు లేదు, బస్సు ముందు ఏడెనిమిది బూడిద స్తంభాలు, నా అరుపుకి అందరూ కదలకుండా నిలబడిపోయారు. ఎవరో ఒకరు కదలండి నాయనా, మీకు దణ్ణం పెడతాను, అనుకుంటూ దగ్గరికి వెళ్ళాను. ఒక చోట రెండు మెరుపులు. తొమ్మిదేళ్ళు దాచుకున్న మాటలు తొక్కుకుంటూ వచ్చేశాయి. "తప్పు నాదేనమ్మా. ఆ రోజు నీ కంటికి పవరుంది, లేదని చెప్పాను. నువ్వెవరో తెలియదన్నాను. తెలుసమ్మా. ఇంటికి పోదాం రా" అన్నాను. చెయ్యి చాపాను, చెయ్యి తప్పలేదు, ఆవిడ చేతినే పట్టుకుంది.

"ఎవరండీ మీరు" అంది ఆవిడ. కోపం లేదు ఆ గొంతులో, భయం లేదు. ఎన్నడూ విని ఎరగని గొంతు. "మీరు ఎవర్నో అనుకుంటున్నారు."

చెయ్యి వదిలేశాను. పక్కనే ఇంకో రెండు మెరుపులు ఉండి ఉంటాయి, వెలుతురు అటు పడక కనపడలేదేమో. గోళీ విని ఉంటుందా. తనని పిలిచి, తన పక్క నుంచే వెళ్ళి ఇంకెవరి చేతినో పట్టుకున్న తండ్రిని చూసి ఏమనుకుని ఉంటుంది. "అమ్మా గోళీ, నాకు కనపడటం లేదమ్మా" అన్నాను, ఎటు తిరిగి అనాలో తెలియక బస్సుకేసి అన్నాను. అంటూండగానే ఇంజను మొదలైంది, నా మాట నాకే వినపడలేదు. కదలిక పుట్టింది, అందరూ ఒక్కసారే ఎక్కుతున్నారు, మెట్టు ఎత్తులో ఎవరి భుజమైనా దిగుతుంది, లేస్తుంది, ప్రతివాళ్ళూ నా కూతురే. తలుపు పడింది. బస్సు వెళ్ళిపోయింది.

ఎక్కనివాళ్ళు కొందరున్నారు. ముగ్గురో నలుగురో, స్తంభాలు కాకపోతే. వాళ్ళలో ఒకరు గోళీ అయి ఉండొచ్చు, నా మాట విని ఆగి నన్నే చూస్తూ, ఈసారైనా నా దగ్గరికే వస్తాడా అని నిలబడి ఉండొచ్చు. బస్సెక్కి వెళ్ళిపోయి ఉండొచ్చు. నా కళ్ళజోడు తీసి జేబులో గుడ్డతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాను. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. ఎవరూ కదలడం లేదు.